పాడైన ర్యామ్‌ను “లోపం కనిపించలేదు” అని తిప్పి పంపడంపై ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ జతలో పాడైన స్టిక్‌ను సరిగా పరీక్షించకుండా తిప్పి పంపడం గురించి, జత మొత్తాన్ని మార్చి ఇవ్వవలసిందిగా కోరడం గురించి.

ఆర్యా,

మా ఇంటి కంప్యూటరు కోసం మీ సంస్థ తయారు చేసిన ర్యామ్ (కంప్యూటరు నడుస్తున్నప్పుడు డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) జతను, అంటే 8 జీబీ స్టిక్కులు రెండింటిని, విజయనగరంలోని దుకాణంలో బిల్లుతో కొన్నాను. పెట్టె మీద అచ్చువేసిన వారంటీ గడువు ఇంకా చాలా మిగిలి ఉంది. రెండింటిలో ఒకటి పాడైందని నిర్ధారించుకున్న తర్వాతే దాన్ని విశాఖపట్నంలోని మీ సర్వీస్ సెంటరులో అప్పగించాను. వారు “లోపం కనిపించలేదు” అన్న ఒక్క వాక్యం రాసి, అదే సీరియల్ నంబరు ఉన్న అదే స్టిక్‌ను తిరిగి నా చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి పెట్టిన రాత్రే కంప్యూటరు మళ్లీ ఆగిపోయింది. ఈ సంగతి రాస్తే, మా ప్రాంతంలో కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అది పాడై ఉండవచ్చనీ, అలాంటిది వారంటీ కిందికి రాదనీ జవాబు వచ్చింది. ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగవు. లోపమే లేనప్పుడు దానికి కారణం వెతకనక్కర లేదు. లోపం ఉన్నదని ఒప్పుకుంటే మొదటి నివేదిక తప్పు.

నేను ఏ ఆధారంతో ఆ స్టిక్ పాడైందంటున్నానో వివరంగా రాయడం అవసరం. మొదట బ్రౌజరులో తెరిచిన పేజీలు ఉన్నట్టుండి మూసుకుపోయేవి. తర్వాత ఒకసారి “మెమరీ మేనేజ్‌మెంట్” అనీ, మరోసారి “పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా” అనీ బ్లూ స్క్రీన్ రావడం మొదలైంది. ఇలాంటివి డ్రైవర్ల వల్లా, హార్డ్ డిస్క్ వల్లా కూడా వస్తాయి కాబట్టి విండోస్‌ను కొత్తగా ఎక్కించి, డిస్క్ పరిస్థితిని పరీక్షించి, అవి కారణం కావని తేల్చుకున్నాను. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ హార్డ్‌వేర్ సమస్య ఉందని చెప్పింది గానీ ఏ స్టిక్‌లో ఉందో చెప్పలేదు. అందుకని మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటరును నేరుగా దానితోనే బూట్ చేశాను. బయోస్‌లో (కంప్యూటరు ప్రాథమిక సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీని, అంటే ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగును, ఆపేసి, సెట్టింగులన్నీ డిఫాల్టుకు తెచ్చి, మదర్‌బోర్డు పుస్తకంలో సూచించిన స్లాటులో ఒక్కో స్టిక్‌నే విడిగా పెట్టి, ఒక్కోదాన్ని ఒక రాత్రంతా నడిపాను.

మొదటి స్టిక్ తెల్లవారే దాకా ఒక్క తప్పూ చూపలేదు. రెండోది మొదటి విడతను ఏ ఇబ్బందీ లేకుండా దాటి, వేడెక్కిన తర్వాత వచ్చిన విడతల్లో తప్పులు చూపడం మొదలుపెట్టింది. తెర ఫోటోలు జతపరిచాను. వాటిలో ఒక విషయాన్ని మీ ఇంజినీర్లు దయచేసి గమనించాలి. తప్పు వచ్చిన చిరునామాలన్నీ, అంటే మెమరీలోని చోట్లన్నీ, ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి, రాసిన విలువకూ తిరిగి చదివిన విలువకూ తేడా ప్రతి వరుసలోనూ ఒకే బిట్టులోనే (0 లేదా 1గా ఉండే అతి చిన్న డేటా భాగంలోనే) ఉంది. స్టిక్ అంచున ఉన్న బంగారు పూత కాంటాక్టులను శుభ్రం చేసి వేరే స్లాటులోకి మార్చినా తప్పులు దానితోపాటే వెళ్లాయి. అది ఖాళీ చేసిన స్లాటులో మంచి స్టిక్ పెడితే ఏ తప్పూ రాలేదు. కనుక దోషం మదర్‌బోర్డుదీ కాదు, ప్రాసెసరుదీ కాదు. పెట్టె మీద రాసిన 3200 వేగంలోనే కాక, అంతకన్నా తక్కువైన డిఫాల్టు వేగంలో, 1.2 వోల్టుల దగ్గర కూడా తప్పులు వచ్చాయి కాబట్టి ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగాన్ని మించి నడపడం) అనడానికి కూడా వీలు లేదు.

మీ సర్వీస్ సెంటరులో స్టిక్‌ను ఒక కంప్యూటరులో పెట్టి, విండోస్ తెరుచుకుంటే చాలు, బాగున్నట్టే అనుకున్నారని అక్కడి సిబ్బంది మాటలను బట్టి నాకు అర్థమైంది. నా ప్రధాన అభ్యంతరం దీని మీదే. 8 జీబీ స్టిక్‌లో దాదాపు 6,870 కోట్ల బిట్లు ఉంటాయి. వాటిలో పాడైనవి కొన్నే అయినప్పుడు, విండోస్ ఆ చోటును ముట్టుకోనంత సేపూ కంప్యూటరు మామూలుగానే నడుస్తుంది. పైగా డీడీఆర్4లో ప్రతి బిట్టూ చిన్న కెపాసిటరులో నిలిచే ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్ల లోపల ఒకసారి దాన్ని తాజాపరుస్తారు. వేడి పెరిగితే ఆ కారడం పెరుగుతుంది. బలహీనమైన కెపాసిటరు ఏసీ గదిలో చల్లగా ఉన్నప్పుడు కొద్దిసేపు నిలబడి, మే నెల మధ్యాహ్నం మా ఇంట్లో క్యాబినెట్ వేడెక్కాక తప్పిపోవడంలో వింతేమీ లేదు. ఈ సంగతి ర్యామ్ తయారు చేసే మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా కొద్ది నిమిషాల పరీక్షతో “లోపం కనిపించలేదు” అని రాసి ఇవ్వడం న్యాయం కాదు.

ఇక కరెంటు మాట. తుపాన్లు వచ్చే ఈ జిల్లాలో కరెంటు పోతూ వస్తూ ఉండడం నిజమే, అందుకే మా కంప్యూటరు మొదటి నుంచీ యూపీఎస్ మీదే నడుస్తోంది. ర్యామ్‌కు గోడ సాకెట్ నుంచి నేరుగా కరెంటు అందదు; పవర్ సప్లై, ఆపైన మదర్‌బోర్డులోని రెగ్యులేటర్లు తగ్గించి ఇచ్చిన వోల్టేజీయే అందుతుంది. ఒకే బోర్డు మీద, ఒకే సరఫరాతో, పక్కపక్క స్లాట్లలో ఉన్న రెండు స్టిక్కుల్లో ఒకటి నేటికీ నిక్షేపంగా ఉంది. ఏ పరీక్షా చేయకుండా మా ఊరి కరెంటు మీద నెపం వేయడం నాకు చాలా బాధ కలిగించింది.

నష్టం కంప్యూటరు ఆగిపోవడంతో ముగియలేదు. ఇళ్లలో వాడే మామూలు ర్యామ్‌లో తప్పును పసిగట్టే ఈసీసీ ఏర్పాటు ఉండదు కాబట్టి, మారిపోయిన బిట్టు మారినట్టే డిస్క్‌లోకి చేరుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర మా కుటుంబం తీయించుకున్న పాత ఫోటోలను స్కాన్ చేసి దాచుకున్నాం. ఈ స్టిక్ ఉన్న రోజుల్లో వేరే డిస్క్‌లోకి ఎక్కించిన వాటిలో ఒక ఫోటోలో మా అమ్మమ్మ ముఖం వరకు స్పష్టంగా ఉండి, భుజాల కింది నుంచి అంతా బూడిదరంగు పట్టీగా మారిపోయింది. అదృష్టవశాత్తు అసలు ఫోటో కాగితం మీద ఉంది. అన్ని ఫైళ్లకూ అలా అసలు ప్రతి ఉండదు.

ఈ రెండు స్టిక్కులూ జతగా పరీక్షించి అమ్మినవి కనుక, ఒక్కదానికి వేరే స్టిక్ ఇవ్వడం కాకుండా జత మొత్తాన్ని కొత్తదానితో మార్చి ఇవ్వాలని కోరుతున్నాను. అదే సామర్థ్యం, అదే వేగం గల జత మీ దగ్గర లేకపోతే బిల్లు ప్రకారం పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వండి. పాత స్టిక్‌ను మళ్లీ పరీక్షించదలిస్తే అభ్యంతరం లేదు, కానీ ఏ ప్రోగ్రాముతో, ఏ వేగంలో, ఎన్ని గంటలు, ఎంత వేడి వద్ద పరీక్షించారో రాతపూర్వకంగా తెలియజేయాలి. తిప్పి పంపిన స్టిక్ వల్ల నాకైన రవాణా ఖర్చును కూడా చెల్లించాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు ఇవ్వగలరు. రాని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు; 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. కాబట్టి ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

బిల్లు నకలు, పెట్టె మీది వారంటీ వివరాల ఫోటో, రెండు స్టిక్కుల సీరియల్ నంబర్లు కనిపించే ఫోటోలు, మెమ్‌టెస్ట్ తెర ఫోటోలు, మీ సర్వీస్ సెంటరు ఇచ్చిన నివేదిక, కరెంటు హెచ్చుతగ్గుల గురించి మీరు పంపిన జవాబు దీనితో జతపరిచాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విజయనగరం