పాలిటీ మన పార్వతీపురంలోనే ఉంది బావా

విజయనగరం

బావా,

ఏటి కబుర్లు? హైదరాబాద్‌లో రూమ్ మారావని మీ అమ్మగారు చెప్పారు. కొత్త చోట మెస్ భోజనం పడుతోందా? నీ మెసేజ్ చూశాను. గ్రూప్స్‌కి పాలిటీ, అంటే రాజ్యాంగం సబ్జెక్ట్, ఎంత చదివినా బుర్రలో నిలవడం లేదని, ఆర్టికల్ నంబర్లు చూస్తేనే టెన్షన్ వస్తోందని రాశావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివాక పారేయకు, రివిజన్‌కి పనికొస్తుంది.

నువ్వు రాష్ట్రపతికి సంబంధించిన ఆర్టికల్స్ 54, 55, 65, 70, 71 అని వల్లెవేస్తున్నావు కదా. ఆ అంకెల వెనక ఉన్న కథల్లో చాలావరకు మన బొబ్బిలి, పార్వతీపురం, సీతంపేట వైపు నడిచినవే. ముందు కథ పట్టుకో. ఆర్టికల్ దాని వెంటే వస్తుంది. ఇన్నాళ్లూ మనం ఢిల్లీ నుంచి కిందికి చదువుకుంటూ వచ్చాం. ఒకసారి మన ఊళ్ల నుంచి పైకి చదివి చూడు.

తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరితో మొదలుపెడదాం. పుట్టింది బరంపురంలో, అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలిలో ఎవరి మీద నిలబడ్డాడో తెలుసుగా? సాక్షాత్తూ బొబ్బిలి రాజా మీద. ఆ రాజా మామూలు జమీందారు కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు, 1932 నుంచి మద్రాసు ప్రభుత్వానికి పెద్ద. సొంత గడ్డ మీద, సొంత రైతుల మధ్య ఓడిపోయాడు. అప్పుడు ఓటు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో ఏదో ఒక అర్హత ఉండాలి. అలాంటి ఓటర్లే కోటను కాదని రైల్వే కార్మికుల నాయకుణ్ని గెలిపించారంటే గాలి ఎటు వీచిందో ఆలోచించు. 1919 చట్టానికీ 1935 చట్టానికీ తేడా ఏమిటని అడిగితే నాకు ముందు బొబ్బిలే గుర్తొస్తుంది. రాజా పాలించింది 1919 చట్టం ఇచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో, అంటే ముఖ్యమైన శాఖలు గవర్నర్ చేతిలోనే ఉండేవి. గిరి మంత్రిగా చేరింది 1935 చట్టం ఇచ్చిన రాష్ట్ర స్వయంప్రతిపత్తి కింద, రాజాజీ మంత్రివర్గంలో. 1939లో మనల్ని అడక్కుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు ఆ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. ఇంత చాలు, ఒక చాప్టర్ అయిపోయినట్టే.

1952లో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేబినెట్ మార్చడం నచ్చక 1954లో పదవి వదిలేశాడు. 75(3) కింద సమష్టి బాధ్యత గురించి రాసేటప్పుడు ఈ ఉదాహరణ వాడు. కేబినెట్ నిర్ణయాన్ని ఒప్పుకోవాలి, లేదంటే బయటికి రావాలి. ఆయన బయటికి వచ్చాడు. పాతపట్నం ఓటర్లు పంపిన మనిషి అలా నిలబడ్డాడంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. 1957 ఎన్నికలు, పార్వతీపురం. అప్పుడది ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గం. ఒక సీటు ఎస్టీలకు రిజర్వు, రెండోది జనరల్. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు, తొంభై దాటాయి. అప్పటికి ఓటు వయసు 21. ఆయన మొదటిసారి ఓటేసింది ఆ ఎన్నికల్లోనే. మొన్న అరుగు మీద కూర్చుని ఎంత వివరంగా చెప్పారనుకున్నావు! చేతికి రెండు కాగితాలు ఇచ్చారట. లోపల గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు అంటించి ఉందట. ఇప్పట్లా ముద్ర వేయడం లేదు, నచ్చిన మనిషి పెట్టెలో కాగితం వేసి రావడమే. "రెండు కాగితాలూ ఒకే పెట్టెలో వేస్తే చెల్లదు బాబూ" అని వేళ్లు మడిచి మరీ చూపించారు. ఏ పెట్టెల్లో వేశారని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు. అరవై ఏళ్లు దాటినా రహస్య బ్యాలెట్‌ని కాపాడుకుంటున్న మనిషి! నాకైతే దండం పెట్టాలనిపించింది.

ఆ ఎన్నికలో గిరి కూడా నిలబడ్డాడు. ఇద్దరు గిరిజన అభ్యర్థులకూ ఆయన కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఒకరు రిజర్వుడు సీటుకు, ఇంకొకరు జనరల్ సీటుకు ఎన్నికైనట్టు ప్రకటించారు. గిరి కోర్టుకెక్కాడు. వాదనలు రెండు. రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసినవాడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడన్నది ఒకటి. జనరల్ సీటు గెలిచిన డి.సూరిదొర కుటుంబం క్షత్రియ ఆచారాల్లోకి మారిపోయింది కాబట్టి ఆయన ఎస్టీయే కాదన్నది రెండోది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లాడు, 1959లో అక్కడా ఓడాడు. వి.వి.గిరి వర్సెస్ డి.సూరిదొర అని వెతుకు, పూర్తి తీర్పు దొరుకుతుంది. మెజారిటీ న్యాయమూర్తులు తేల్చింది ఏమిటంటే, 330వ అధికరణ ఇచ్చిన రిజర్వేషన్ గిరిజనులకు కనీస హామీయే గాని పైన గీసిన గీత కాదు. జనరల్ సీటు అందరిదీ, ఎస్టీ అభ్యర్థిది కూడా.

ఈ పాయింట్ దగ్గర ఒక్క నిమిషం ఆగు. గ్రూప్స్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ కోచింగ్ సెంటర్ల బయట టీ కొట్ల దగ్గర జరిగే గొడవ ఇదే కదా? ఓపెన్ కేటగిరీ అంటే ఓసీల కోటా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎంతమంది! రిజర్వేషన్ ఉన్న అభ్యర్థి సొంత మెరిట్‌తో ఓపెన్‌లో వస్తే ఎవరి సీటూ తీసుకున్నట్టు కాదు. చట్టసభ సీట్ల విషయంలో ఇదే న్యాయం పార్వతీపురం కేసులో 1959లోనే పలికింది. ఓడిపోయినవాడు పదేళ్లకు దేశాధ్యక్షుడయ్యాడు, గెలిచింది మన మన్యం మనిషి. ఈ కథ మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. తర్వాత పార్వతీపురం ఎస్టీ సీటుగా కొనసాగింది. 2009 నుంచి దాని చోట అరకు వచ్చింది.

1969 గురించి నువ్వు చదివే ఉంటావు, కాబట్టి ముడులు మాత్రం విప్పుతాను. మే 3న జాకీర్ హుస్సేన్ చనిపోయారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి 65 కింద రాష్ట్రపతి బాధ్యతలు తీసుకున్నాడు. పోటీ చేయడానికి జులై 20న రాజీనామా చేశాడు. ఇద్దరూ లేకపోతే ఎవరు? రాజ్యాంగంలో నేరుగా జవాబు లేదు. 70వ అధికరణ ఆ పని పార్లమెంటుకు వదిలింది. పార్లమెంటు అదే ఏడాది చట్టం చేసింది, దాని ప్రకారం ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆగస్టు 24 దాకా రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. ఇక ఓట్లు. గిరికి మొదటి ప్రాధాన్య ఓట్లు 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. కావాల్సిన కోటా 4,18,169. ఎవరికీ రాలేదు. కిందివాళ్లను ఒక్కొక్కరినీ తొలగిస్తూ వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు పంచుకుంటూ పోతే చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఇదీ 55(3)లోని ఏక ఓటు బదిలీ పద్ధతి. ఈ అంకెలు ఒక కాగితం మీద నువ్వే కూడి, తీసి చూసుకో. పద్ధతి జన్మలో మర్చిపోవు. ఆ ఎన్నిక చెల్లదని వేసిన పిటిషన్ 71 కింద సుప్రీంకోర్టుకే వెళ్లింది. గిరి స్వయంగా సాక్షిగా హాజరయ్యాడు, పిటిషన్ నిలవలేదు.

గిరి సంగతి ఇక్కడితో ఆపుతాను. నా మనసంతా రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూల్ మీదే ఉంది. చాలామంది దాన్ని చివర్లో ఒక పేజీ తిరగేసి వదిలేస్తారు. మనం అలా వదలకూడదు. గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సీతంపేట జనం బతుకే అది.

1839లోనే కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి కలెక్టర్ చేతిలో పెట్టింది. 1917లో కొండ భూములు బయటివాళ్ల చేతికి పోకుండా మద్రాసులో చట్టం వచ్చింది. 1935 చట్టం వీటిని పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలుగా ఉంచింది. ఆ దారిలోనే 244వ అధికరణ, ఐదో షెడ్యూల్ వచ్చాయి. గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. గిరిజన సలహా మండలిలో ఇరవై మందికి మించకూడదు, సుమారు నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. ఇవి బిట్స్‌కి చాలు. అసలు బలం పేరా 5లో ఉంది. 5(1) కింద గవర్నర్ మామూలు చట్టాలను ఈ ప్రాంతాలకు ఆపగలడు, మార్చగలడు. 5(2) కింద వీటి కోసం సొంతంగా రెగ్యులేషన్లు చేయగలడు.

1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం సభకు వెళ్తున్న ఇద్దరు గిరిజనులు భూస్వాముల వైపు నుంచి జరిగిన కాల్పుల్లో చనిపోయారు. తర్వాత మన కొండల్లో లేచిన సాయుధ తిరుగుబాటులో ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లూ మా ఇంట్లో పెద్దవాళ్లూ గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ మంటల మధ్యే 1970లో పేరా 5(2) కింద 1/70 అనే భూ బదిలీ రెగ్యులేషన్ వచ్చింది. అంతకుముందున్న 1959 రెగ్యులేషన్‌ని బిగించి, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావిస్తారు, కాదని చూపించాల్సిన భారం అతనిదే. 1988లో పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమతా కేసు వచ్చింది. బొర్రా వైపు అనంతగిరి మండలంలో మైనింగ్ లీజుల గొడవ అది. ఈ ఆంక్ష ప్రభుత్వానికీ వర్తిస్తుందని, సర్కారు భూమి అయినా గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు, ఒకరు విభేదించారు. పక్క కొండల్లో పుట్టిన కేసు దేశంలోని గిరిజన ప్రాంతాలన్నిటికీ ఆసరా అయింది.

నన్ను బాధపెట్టేది జీవో 3. ఏజెన్సీ బడుల్లో టీచర్లు నిలవడం లేదని, టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో ఇచ్చిన ఉత్తర్వు. 2020లో చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ 14, 16 అధికరణాలకు విరుద్ధమని, పేరా 5(1) కింద గవర్నర్ చట్టసభల చట్టాలను ఆపగలడు, మార్చి వర్తింపజేయగలడే గాని ఆ అధికారం 309 కింద చేసిన సర్వీసు నిబంధనల దాకా సాగదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో ఉంచింది. కోర్టు తర్కం నాకు అర్థమవుతుంది. అయినా పిల్లలకు వాళ్ల భాషలో అక్షరం చెప్పే టీచర్ కావాలన్న అవసరం తీర్పుతో తీరిపోదు కదా? సీతంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ లైబ్రరీలో నా పక్కన చదువుకునే సవర అబ్బాయి ఒకడున్నాడు, డీఎస్సీకి ప్రిపేరవుతున్నాడు. ఆ తీర్పు పేజీలు వాడి నోట్స్‌లో ఎర్ర సిరాతో నిండి ఉన్నాయి. మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే కేసు పేరు రాసి ఊరుకోకు. కోర్టు ఏమంది, ఎందుకంది, మరి అవసరం ఎలా తీరాలి అన్న మూడూ రాయి. నా మటుకు నేను, 50 శాతం హద్దు లోపల స్థానిక భాష వచ్చినవాళ్లకు ప్రాధాన్యమిచ్చే దారి వెతకాలంటాను. నీ అభిప్రాయం వేరైతే అదే రాయి, కాని కారణం చెప్పు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జమీందారీ రద్దు చదివేటప్పుడు మందస మర్చిపోకు. 1940లో అడవి కట్టెల కోసం జమీందారుతో తలపడిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే వీరగున్నమ్మ చనిపోయింది. దాన్ని 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతోనూ, అలాంటి చట్టాలకు రక్షణగా 1951 మొదటి సవరణ తెచ్చిన 31ఎ, 31బి, తొమ్మిదో షెడ్యూల్‌తోనూ కలిపి చదువు. రాష్ట్రాల మధ్య తగాదాలను సుప్రీంకోర్టుకు తీసుకెళ్లే 131వ అధికరణ అంటే, మన సాలూరు పక్కన ఆంధ్ర, ఒడిశా రెండూ తమవే అనే కొటియా గ్రామాలున్నాయి. జిల్లాలకు మాత్రం కొత్త రాష్ట్రాల ఏర్పాటు గురించిన 3వ అధికరణతో పని లేదు. 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం రెండూ రాష్ట్ర ప్రభుత్వం చేసినవే.

దసరా తర్వాత సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావు కదా, ఒక రోజు ముందే రా. పార్వతీపురం ప్యాసింజర్ ఎక్కి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసు దాకా వెళ్లొద్దాం. ఆ పెద్దాయన దగ్గరికీ తీసుకెళ్తాను. ఈ లోపు ఒక పని చెయ్యి. "ఐదో షెడ్యూల్ పేరా 5(1), 5(2) అధికారాల మధ్య తేడాను తీర్పుల సాయంతో వివరించండి" అన్న ప్రశ్నకు 250 పదాల్లో జవాబు రాసి ఫోటో తీసి పంపు. గడియారం పెట్టుకుని రాయి. ఆ సవర అబ్బాయీ నేనూ కలిసి దిద్దుతాం.

అమ్మానాన్నల ఆరోగ్యం ఎలా ఉందో రాయి.

నీ బావ