ఇబ్రహీం కుతుబ్ షాని ఏ పక్కన నిలబెడతారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విజయనగరానికీ దక్కను సుల్తానులకీ జరిగిన రాక్షసి తంగడి యుద్ధం మీద వేసిన కథనం చదివానండి. యుద్ధం సంగతి వరకు బాగానే రాశారు. కానీ చదవడం అయ్యాక బుర్రలో మిగిలింది మాత్రం ఇటు మనవాళ్ళు, అటు వాళ్ళు, 1565లో వచ్చి మీద పడ్డారు, హంపి పోయింది, అంతే. సాయంత్రానికల్లా అది మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది, కింద సగం మంది తిట్లు, ఇంకో సగం మంది "అప్పట్లో అందరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు" అని పూలు, దండాలు. నాకైతే రెండూ నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం.

మీ కథనంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఒక్క లైన్లో వచ్చి పోయింది, విజయనగరం మీదకి వెళ్ళిన సుల్తానుల్లో ఒకడని. ఆ మనిషి 1543లో అన్న జంషీద్ చేతిలో చావు తప్పించుకుని ఎక్కడికి పారిపోయాడో తెలుసా, విజయనగరానికే. ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు, కాపాడింది అప్పట్లో విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలే. 1550లో తిరిగొచ్చి గోల్కొండ గద్దె ఎక్కాడు, పదిహేనేళ్ళ తర్వాత అదే రామరాయల మీద యుద్ధానికి వెళ్ళాడు. ఇంకో తమాషా, రామరాయలు కూడా కుర్రతనంలో ఇబ్రహీం తండ్రి, గోల్కొండ సుల్తాన్ కులీ దగ్గర కొలువు చేసి తర్వాత కృష్ణదేవరాయల దగ్గరికి వచ్చాడని ఒక పారసీ చరిత్రలో ఉంది. అంటే ఇద్దరూ ఒకరి ఉప్పు ఒకరు తిన్నవాళ్ళే! ఇంత పెద్ద విషయాన్ని యుద్ధం కథలో ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు.

నేను ఉండేది పటాన్‌చెరు దగ్గర. ఫ్యాక్టరీలు, కంటైనర్ లారీలు, ట్రాఫిక్ జామ్, పటాన్‌చెరు అంటే ఇప్పుడు జనానికి గుర్తొచ్చేవి ఇవే. తెలుగులో మొదటి అచ్చతెలుగు కావ్యం పుట్టింది ఇక్కడి దొర కోసమే అంటే మా కాలనీలో ఎవరూ నమ్మరు. పొన్నికంటి తెలగన రాసిన యయాతి చరిత్రము, అంకితం పుచ్చుకున్నది అమీన్ ఖాన్, ఇబ్రహీం కొలువులో సర్దారు. సంస్కృత మాటలు పక్కనపెట్టి మొత్తం కావ్యం తెలుగు మాటల్లోనే నడపడం అంటే మామూలు సాము కాదు, ఒకసారి నాలుగు లైన్లు అలా రాయడానికి ట్రై చేయండి తెలుస్తుంది. ఇక ఇబ్రహీంకి అయితే అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితం ఇచ్చాడు. మరింగంటి సింగనాచార్యుడికీ ఆ కొలువులోనే సన్మానం జరిగింది, ఆయన దశరథరాజనందన చరిత్ర పెదవులు కలిపి పలికే అక్షరం ఒక్కటి కూడా లేకుండా రాశాడు. మన కవులు ఆ సుల్తాన్‌ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. యయాతి, సంవరణుడు ఇద్దరూ మహాభారతం ఆదిపర్వంలోని చంద్రవంశపు రాజులే, ఖాన్ గారికి ఒకరి కథ, సుల్తాన్ గారికి ఇంకొకరి కథ, ఇది చూసినప్పుడల్లా నాకు భలే నవ్వొస్తుంది.

ఇదంతా ప్రేమతో జరిగిందా అంటే నేను అలా అనను. గోల్కొండ రాజ్యంలో కోటలు కాసే నాయకవాడీలు, ఊళ్ళ లెక్కలు రాసే కరణాలు, పన్ను కట్టే రైతులు ఎక్కువమంది తెలుగువాళ్ళు, వాళ్ళతో పని జరగాలంటే తెలుగు కావాలి, అందుకే ఫర్మానాలు కూడా పారసీతో పాటు తెలుగులోనూ ఇచ్చేవాళ్ళు. రాజుకి కావ్యం అంకితం అంటే ఈ నేల రాజుల వరసలో తనూ చేరినట్టు. కవికి కావలసింది సన్మానం, అగ్రహారం. అక్కరలు కలిశాయి, అందులోంచే మంచి కవిత్వం వచ్చింది, అంతే. మరి అదే ఇబ్రహీం ఏలుబడిలో 1579లో గోల్కొండ సైన్యం వెళ్ళి అహోబిలం గుడిని దోచుకుంది, ఆ సైన్యాన్ని నడిపించిన సేనాని పేరు మురహరి రావు. ఇప్పుడు ఇబ్రహీంని ఏ పక్కన నిలబెడదాం చెప్పండి. అన్నదమ్ములు అని పూలు పెట్టే బ్యాచ్ కూడా ఈ సంగతి కాస్త చదువుకోవాలి.

అవతల విజయనగరం వైపూ ఇంతే. హంపిలో 1439లో అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి ఒక మసీదు కట్టించాడు, చూస్తే గుడి మండపంలా స్తంభాలతో ఉంటుంది, శాసనంలో దాన్ని ధర్మశాల అన్నారు, కట్టించింది రెండో దేవరాయలకి పుణ్యం రావాలని. 1551 నాటి బేవినహళ్ళి రాగిశాసనంలో అయితే బ్రాహ్మణులకి ఊరు దానం ఇవ్వమని మనవి చేసింది ఐనుల్ ముల్క్ అనే ముస్లిం సర్దారు. లోటస్ మహల్ దగ్గర ఫోటో దిగని తెలుగువాడు ఉండడు, కింద కమానులు చూడండి, అవి సుల్తానుల కట్టడాల తీరు, పైన కప్పు చూడండి, మెట్లుమెట్లుగా గుడి శిఖరాల్లా ఉంటుంది.

బట్టల సంగతి ఇంకా పెద్దది. మీ కథనం పక్కన వేసిన బొమ్మలో రాయలవారికి సినిమా కిరీటం పెట్టి ఛాతీ మీద నగలు గుప్పించారు. తిరుమల గుళ్ళో కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు ఉన్నాయి కదా, ఆయన నెత్తిన ఉన్నది పొడుగాటి కుళ్ళాయి, అది పారసీక దేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో కూడా మగవాళ్ళు అలాంటి టోపీలే పెట్టుకుని ఉంటారు. గుళ్ళో దేవుడి ముందు నిలబడేటప్పుడు కూడా ఆ టోపీయే పెట్టుకున్నారంటే, అది పరాయివాళ్ళదన్న ఆలోచన వాళ్ళకి ఉన్నట్టు లేదు. వాళ్ళకంటే ఎంతో ముందే మన శ్రీనాథుడు కన్నడ రాజు దర్శనం కోసం వెళ్ళి కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చింది, పొడుగు చొక్కా తొడగాల్సి వచ్చింది, వెల్లుల్లి తినాల్సి వచ్చింది అని చాటువులో వాపోయాడు. టోపీ కంటే తిండికే ఎక్కువ బాధపడ్డట్టు అనిపిస్తుంది నాకు, భోజనప్రియుడు కదా పాపం. ఆయనే బెండపూడి అన్నయమంత్రిని పొగుడుతూ అరబీ భాష, తురుష్క భాష వచ్చినవాడు అని గొప్పగా చెప్పాడు, అంటే అప్పటి మంత్రికి ఆ భాషలు రావడం క్వాలిఫికేషన్ అన్నమాట.

మా మనవడి సోషల్ పుస్తకం తిరగేస్తే బహమనీలు, విజయనగరం అనగానే వరసగా యుద్ధాలు, ఎవరు ఎప్పుడు ఓడారు, సంవత్సరాలు బట్టీ. కవులు వేరే పాఠంలో బాక్స్ కట్టి చిన్న అక్షరాల్లో, పరీక్షలో రారు కాబట్టి పిల్లలు చూడరు. పుస్తకాలు మార్చడం మీ చేతిలో లేదు, కానీ ఆదివారం పేజీ మీ చేతిలోనే ఉంది కదా సార్. వారానికి ఒక పద్యం తాత్పర్యంతో వేయండి, తెలగనతో మొదలుపెట్టి గంగాధర కవి, సింగనాచార్యుడు, అలా. మా పటాన్‌చెరు మీద ఒక ఫుల్ పేజీ వేస్తే ఇంకా సంతోషం. ఈసారి రాయలవారి బొమ్మ వేయించే ముందు మీ ఆర్టిస్టు గారిని ఒకసారి తిరుమలకో లేపాక్షికో పంపండి, బస్సు ఛార్జీలకి వెనకాడకండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సంగారెడ్డి జిల్లా