శీనూ, ఆ మూతనీ పిస్టన్‌నీ విడదీయకు

కోవెంట్రీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

1967 ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారు కొన్నావని తెలిసి ఎంత సంతోషించానో! కానీ నువ్వు పంపిన రెండో ఫొటో చూసి గుండె గుభేలుమందిరా. ఇంజనుకి గాలిలో పెట్రోలు కలిపి ఇచ్చే రెండు ఎస్‌యు కార్బురేటర్లూ విప్పేసి ముక్కలన్నీ ఒకే పళ్ళెంలో పోశావు. ఇంకేమీ ముట్టుకోకుండా ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

కార్బురేటర్ పైన గంటలా ఉండే అల్యూమినియం మూత ఉంది చూడు, దాన్ని సక్షన్ చాంబర్ అంటారు. ఆ మూత, లోపల కదిలే పిస్టన్ ఫ్యాక్టరీలోనే ఒకదానికొకటి సరిపోయేలా జత చేసినవి. పిస్టన్ అంచు గోడకి తగలకూడదు, అలాగని పక్కనుంచి గాలి ఎక్కువగా జారిపోనూకూడదు. ఇంజను గాలి పీల్చగానే పిస్టన్ లేస్తుంది, దాంతోపాటే దాని కింద ఉన్న సూదిలాంటి నీడిల్ కూడా, పెట్రోలు వచ్చే రంధ్రమైన జెట్‌లోంచి పైకొస్తుంది. నీడిల్ కొసకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, లేచినకొద్దీ పెట్రోలుకి దారి పెరుగుతుంది. ఎస్‌యు కార్బురేటర్ పనంతా ఇంతే. మూతకీ పిస్టన్‌కీ మధ్య ఆ సందులో వెంట్రుకంత తేడా వచ్చినా ఒక కార్బురేటర్ ముందు లేస్తుంది, రెండోది వెనకబడుతుంది.

నాకు సరిగ్గా అదే జరిగింది. నా 1966 బండిని ఒక వర్క్‌షాపులో సర్వీసు చేయించాక పికప్ పోయింది, స్లో స్పీడులో ఇంజను నిలకడగా ఆడేది కాదు. రెండు నెలలు ప్లగ్గులూ పాయింట్లూ మారుస్తూ కూర్చున్నాను. చివరికి మాన్యువల్లో ఉన్న పరీక్ష చేశాను. స్ప్రింగ్ తీసేసి, పిస్టన్‌కి ఉన్న చిన్న రంధ్రాలు మూసి, పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపే డ్యాంపర్‌ని మూత పైన బిగించి, పిస్టన్‌ని చాంబర్లోకి పూర్తిగా తోశాను. తలకిందులు చేసి పిస్టన్‌ని చేత్తో పట్టుకుని చాంబర్‌ని కిందికి జారనిచ్చాను. మన సైజుకి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. నాది ఒకటి 3 సెకన్లకే జారిపోయింది, రెండోది పది సెకన్లైనా దిగలేదు. మూతలు అటూ ఇటూ మార్చి చూస్తే రెండూ 6 దగ్గరకొచ్చాయి! అప్పటి నుంచి మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ముందు జతకి ఒక చుక్క, వెనక జతకి రెండు చుక్కలు పెడుతున్నాను. నువ్వూ రెండు మూతల్నీ రెండు పిస్టన్లతోనూ మార్చి మార్చి పెట్టి టైము రాసుకో. ఏ మూత ఏ పిస్టన్‌దో దాంతో తేలిపోతుంది. లోపలి గోడకి మాత్రం ఎమరీ పేపర్ తగలనివ్వకు. గుడ్డా పెట్రోలూ చాలు. మెరుపు కావాలంటే బయట ఎంతసేపైనా రుద్దుకో.

ఎస్‌యు అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్ సోదరులది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. వాళ్ళ తొలి కార్బురేటర్లలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదట. కంపెనీ పెట్టింది 1910లో. 1926లో కార్ల కంపెనీ యజమాని మోరిస్ కొనేశాడు. మోరిస్ అనగానే, మోరిస్ కారు నమూనాలోనే తయారైన మీ నాన్నగారి అంబాసిడర్ గుర్తొచ్చింది. ఆ 1489 సీసీ ఇంజనూ నీ బండిలోని 1798 సీసీ ఇంజనూ ఒకే బీ-సిరీస్ కుటుంబానివిరా! ఆ బానెట్ కింద తలపెట్టి నిలబడ్డ మనకి ఈ ఇంజను కొత్తదేమీ కాదు.

ఇక నువ్వడిగిన మినీ కారు కార్బురేటర్ సంగతి. అది కూడా మన బండిలో ఉన్న హెచ్‌ఎస్4 మోడలే అయితే కొను. చాంబర్, పిస్టన్ జతగా వాడుకోవచ్చు, స్క్రూలు, జెట్ కింది నట్టు పనికొస్తాయి. స్ప్రింగ్‌కి మాత్రం రంగు చూడు. మనది ఎరుపు, అంటే నాలుగున్నర ఔన్సుల బలం. జెట్లకి కుడి ఎడమ తేడా ఉంది, వాటి గొట్టం పొడవూ వేరు, కాబట్టి అవి కొత్తవే తెప్పించు. సాలిస్‌బరీలో బర్లెన్ వాళ్ళు ఇప్పటికీ తయారు చేస్తున్నారు. నీడిళ్ళు రెండూ ఒకే రకం ఉండి తీరాలి.

ట్రయంఫ్ కారు మీది హెచ్‌ఎస్6 జోలికి మాత్రం పోవద్దు. కార్బురేటర్ గాలి దారి వెడల్పు ఒక అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో ఆ అంకె చెబుతుంది. మనది అంగుళంన్నర, అది అంగుళంముప్పావు. దాని జెట్ రంధ్రం 0.100 అంగుళం, మనది 0.090. ఆ నీడిల్ ఇందులో పెడితే ఏ స్పీడులోనూ లెక్క కుదరదు.

అన్నిటికంటే ముందు యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ, అదే థ్రాటిల్ స్పిండిల్, పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడు. లూజు ఉంటే అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు. బాడీలో ఆ కడ్డీ రంధ్రాన్ని రీమర్‌తో సరిచేయించి, లోపల బుష్‌లు (చిన్న లోహపు గొట్టాలు) వేయించు. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడేరా, పాలిష్ మీద కాదు.

బిగించేటప్పుడు జెట్‌ని పై అంచుకి సమంగా తెచ్చి, అక్కడినుంచి ఆరు పలకల నట్టుని 12 పలకలు, అంటే రెండు చుట్లు, కిందికి దించు. డ్యాంపర్లో 20 నంబరు ఆయిలు పోసెయ్. తర్వాత సంగతి ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేద్దాం. శనివారం పొద్దున నీకు వీలేనా? ఈలోగా ఆ నాలుగు టైములూ రాసి పంపు, నీడిళ్ళ మీద చెక్కిన అక్షరాలు భూతద్దంతో చూసి ఫొటో తియ్యి.

నీ
రవి