దినచర్య రాయడానికి ప్రశ్నలు: ముప్పై ఒకేసారి వద్దు, రోజుకొకటి చాలు

సంపాదకులకు,

అయ్యా,

ఇటీవల మీ ఆదివారం సంచికలో దినచర్య రాసుకునే అలవాటు గురించి వచ్చిన వ్యాసాన్ని, దానితోపాటు ఇచ్చిన ముప్పై ప్రశ్నల పట్టికను శ్రద్ధగా చదివాను. అలవాటు మంచిదే, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. నా పేచీ అంతా పట్టికతోనే. ‘మీలోని పసివాడికి ఉత్తరం రాయండి’, ‘మీకు అత్యంత సురక్షితంగా తోచే చోటును వర్ణించండి’ వంటివి తప్పు ప్రశ్నలని అనను గాని, హన్మకొండ చౌరస్తాలో మిర్చిబండి దగ్గర నిలబడ్డ మనిషిని ఆపి ఈ ప్రశ్న అడిగితే, అతను ముందు మన మొహం వంక, తరువాత మన చేతిలోని కాగితం వంక చూసి, బజ్జీల పొట్లం తీసుకుని వెళ్లిపోతాడు.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా పనిచేసి 2014లో పదవీ విరమణ పొందినవాడిని. టికెట్లు మిషన్ల మీద రాకముందు మా చేతిలో ఎస్‌ఆర్ అనే పొడవాటి కాగితం ఉండేది. బస్సు ప్రతి స్టేజీకి చేరగానే, ఏ ధర టికెట్టు ఏ నంబరు దాకా తెగిందో ఆ గడిలో రాయాలి. వరంగల్ నుంచి ఏటూరునాగారం పోయే బస్సులో ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి, ఇట్లా ఒక్కో ఊరు ఒక్కో వరుస. ఎంత రద్దీ ఉన్నా, మేడారం జాతర రోజుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నా, గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. తనిఖీ వాళ్లు ఎక్కితే మొదట చూసేది దాన్నే. అంటే రాసే అలవాటు నాకు దండిగానే ఉండింది. అయితే అన్నేళ్లలో రాసిందంతా టికెట్ల గురించే తప్ప, ఆ బస్సులో నేను ఎట్లా ఉన్నానో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

పదవీ విరమణ తరువాత పొద్దుపోక ఇంట్లో అందరినీ సాధిస్తున్నానని మా అమ్మాయి ఒక నోటు పుస్తకం కొనిచ్చింది. ప్రతి పేజీ పైనా ఒకే ప్రశ్న అచ్చు వేసి ఉంది: ‘ఈ రోజు మీరు కృతజ్ఞతతో తలచుకునే మూడు విషయాలు ఏవి?’ మొదటి రోజు ఉత్సాహంగా రాశాను. ఆరోగ్యం, పింఛను, మనవడు. రెండో రోజు మనవడు, ఆరోగ్యం, పింఛను. వారం తిరిగేసరికి అది వరుస మార్చి రాసే ఎస్‌ఆర్ అయిపోయింది. ఈ సంగతి చెబితే మా అమ్మాయి నవ్వి, తన చదువులోని ఒక విషయం చెప్పింది. ఆమె చదివింది మనస్తత్వశాస్త్రం. ఈ ఉత్తరంలోని పరిశోధనల వివరాలన్నీ ఆమెను విసిగించి తెలుసుకున్నవే. సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే పరిశోధకురాలు, మరి ఇద్దరు కలిసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమకు కలిగిన మేళ్లను వారానికి ఒకసారి రాసుకున్న విద్యార్థుల సంతోషం కొంత పెరిగిందట గాని, వారానికి మూడుసార్లు రాసినవారికి ఆ ఫలితం కనిపించలేదట. రోజూ అడిగితే ఎంత మంచి ప్రశ్న అయినా అరిగిపోతుందన్నమాట.

అప్పుడు అచ్చువేసిన ప్రశ్నను కొట్టేసి, నాకు తెలిసిన భాషలో నేనే కొన్ని ప్రశ్నలు తయారుచేసుకున్నాను. ఇవాళ నా బండి ఎవరెవరు ఎక్కారు, ఎవరు దిగిపోయారు? ఎక్కడ ఆపాల్సి ఉండగా ఆపకుండా పోయాను? ఎవరికి చిల్లర బాకీ పడ్డాను? ఈ చివరిది కొంచెం వివరించాలి. కండక్టరు దగ్గర చిల్లర లేనప్పుడు టికెట్టు వెనుక ఇవ్వాల్సిన మొత్తం రాసి ఇవ్వడం, దిగేటప్పుడు గుర్తుచేసి తీసుకొమ్మనడం మీ పాఠకులందరికీ అనుభవమే. గుర్తుచేయకుండా దిగిపోయేవాళ్లూ ఉంటారు. ఆ డబ్బు మా సంచిలోనే మిగిలిపోతుంది. చెప్పాల్సిన క్షమాపణ, చేస్తానని చేయని ఫోను, వినకుండా మధ్యలో తుంచేసిన మాట, ఇవన్నీ నా దృష్టిలో అట్లాంటి చిల్లరే. ఆ ప్రశ్న రాసుకున్న రోజున మాత్రం పేజీ సరిపోలేదు.

ఏం రాశానో కొంత చెబుతాను. చాలా ఏళ్ల కిందట పస్రా దగ్గర ఒక ముసలమ్మ గంపెడు కోళ్లతో ఎక్కింది. లగేజీ టికెట్టు తీసుకొమ్మంటే వచ్చే సంతకు ఇస్తానన్నది. నేను బస్సు ఆపించి దింపేశాను. మొదటి రోజు పేజీ నిండా ఆమె మొండితనం, నిబంధనలు, నా డ్యూటీ. రెండో రోజు, దించినచోట స్టేజీ లేదని, అడవిలో మామూలు రోడ్డు అని గుర్తుకు వచ్చి రాశాను. మూడో రోజు రాయబుద్ధి కాలేదు. నాలుగో రోజు మాత్రం పెన్ను ఆగలేదు: ఆనాటి పొద్దుటి ట్రిప్పులో నలభై రూపాయలు లెక్క తక్కువ పడ్డది, నా జేబులోంచి కట్టాను, అందుకే ఎవరి మీదనో ఒకరి మీద కోపం తీర్చుకోవాలని చూస్తున్నాను, అందుకే ఆమె అడుగుతున్న తీరు కూడా నాకు వినపడలేదు. మొదటి రోజు పేజీలో ‘అందుకే’ అనే మాట ఒక్కసారి కూడా లేదు. నాలుగో రోజు పేజీలో లెక్కపెడితే ఐదున్నాయి.

దీన్ని చదివి వినిపిస్తే మా అమ్మాయి జేమ్స్ పెన్నెబేకర్ పేరు చెప్పింది. ఈ అమెరికా శాస్త్రవేత్త శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాయించారు. జరిగినదాన్నీ, దానిపట్ల తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవారు, మామూలు విషయాలు రాసినవారికంటే తరువాతి నెలల్లో వైద్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఆయనే 1997లో మరి ఇద్దరితో కలిసి, ఇట్లాంటి రాతల్లోని మాటలను లెక్కగట్టి చూస్తే, రోజులు గడిచేకొద్దీ కారణాన్ని, గ్రహింపును తెలిపే మాటలు ఎవరి రాతల్లో పెరిగాయో వాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది. నా ‘అందుకే’ల సంగతి నాకు అప్పుడు బోధపడింది. అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పడం కూడా తప్పే. 146 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి ఒక సమీక్ష, ప్రయోజనం ఉన్నది నిజమే గాని అది చిన్నదని తేల్చింది.

మీ వ్యాసంలో నాకు కనిపించని ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది. రాస్తున్నకొద్దీ దుఃఖం అదుపు తప్పుతున్నదనిపిస్తే ఆ విషయాన్ని అక్కడే ఆపి వేరేది రాయాలని పెన్నెబేకరే చెబుతాడు. చేసిన తప్పునే తిరగేసి మరగేసి ‘నేనెందుకు ఇట్లా ఉన్నాను’ అని పేజీలు నింపడం ఆత్మపరిశీలన కాదు, పుండును గోకడం. అట్లాంటి రాత్రి పుస్తకం మూసి మనిషితో మాట్లాడాలి. దగ్గర ఎవరూ లేకపోతే మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు ఫోన్ చేసి మాట్లాడడానికి ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరు ఉంది. ఇటువంటి పట్టికలు వేసినప్పుడల్లా ఆ నంబరును కూడా కింద వేయవలసిందిగా కోరుతున్నాను.

‘21 రోజులు రాస్తే అలవాటైపోతుంది’ అన్న మాట వ్యాసంలో రెండుచోట్ల వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పరిశీలించి చూసినప్పుడు, ఒక పని తనంతట తాను జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని వాళ్ల అంచనా. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనిపించలేదు. నా వంటి వాళ్లకు ఈ చివరి ముక్క ఎంతో ఊరట, ఎందుకంటే గడి ఖాళీగా ఉంటే కేసు రాస్తారన్న భయం నాకు ఇంకా పోలేదు. రాత్రి గోలీలు వేసుకున్న తరువాత, అదే కుర్చీలో కూర్చుని నాలుగు వరుసలు రాయడం నా పద్ధతి. పెళ్లిళ్లు, ప్రయాణాలు ఉన్న రోజుల్లో తేదీ మాత్రం వేసి గీత కొడతాను.

ఇదంతా మనకు దిగుమతి సరుకని అనుకునేవారికి ఏనుగుల వీరాస్వామిని గుర్తుచేయాలి. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి పదిహేను నెలలకు పైగా తిరిగి ఇల్లు చేరిన ఆయన, ఏ మజిలీలో ఏం చూశాడో, బాట ఎట్లా ఉందో, ఏ వస్తువు దొరికిందో రాసుకుంటూ పోయాడు. అది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. మజిలీ అంటే మా భాషలో స్టేజీయే కనుక ఆ పుస్తకం నాకు మా వాళ్ల పుస్తకంలా అనిపిస్తుంది. ఆయన ముందు ఉన్న ప్రశ్న చాలా చిన్నది: ఇవాళ ఎక్కడ దిగాను? ఆ ప్రశ్నతోనే అంత పుస్తకం తయారైంది.

మా ఇంట్లో నాకంటే ముందు దినచర్య మొదలుపెట్టింది నా భార్య. గోడమీది పెద్ద గళ్ల క్యాలెండరులో పాల లెక్క రాస్తూ, అదే గడిలో ‘చెల్లె ఫోన్ చేసింది’, ‘మోకాలు నొప్పి’, ఒకచోట ఉత్తగా ‘వాన’ అని కూడా రాస్తుంది. పుస్తకంలో వివరంగా రాయొచ్చు కదా అంటే, ‘‘రాస్తే ఎవలో ఒకలు సదువుతరు గద’’ అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది. తాళం ఉన్న సొరుగు, తనదంటూ ఒక అరగంట లేని ఆడవాళ్లకు ముప్పై ప్రశ్నలు ఇచ్చి మనసు విప్పమనడంలో ఎంత అన్యాయం ఉందో మీ వ్యాసకర్త ఆలోచించినట్టు లేదు. పిల్లలదీ అదే పరిస్థితి. నా మనవడికి బడిలో రోజూ డైరీ రాయడం హోంవర్కు. లేచాను, పళ్లు తోముకున్నాను, బడికి పోయాను, అన్నీ అవే వాక్యాలు. ఒక్క రోజు మాత్రం స్నేహితుడు తనతో మాట్లాడలేదని రాశాడు. ఆ వాక్యంలో దీర్ఘం తప్పిందని ఎర్ర సిరాతో గీత, కింద సంతకం వచ్చాయి. మరునాటి నుంచి మళ్లీ పళ్లు తోముకోవడమే. ఉపాధ్యాయులను నిందించడం నా ఉద్దేశం కాదు, వాళ్లకు దిద్దవలసిన పుస్తకాలు ఎన్నో నాకు తెలుసు. ఆ ఒక్క పుస్తకాన్ని మాత్రం దిద్దకుండా, వీలైతే చదవకుండా వదిలేయాలని నా మనవి. రాసేది ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయనివ్వాలి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే మనకు ఈ మాట వేరే చెప్పవలసిన పని లేదు.

1904లోనే శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయాన్ని నెలకొల్పుకున్న ఊరు మాది. ఇక్కడి గ్రంథాలయాల్లో సాయంత్రం ఒక గంట, రాసుకునేవాళ్ల కోసం ఒక బల్ల కేటాయించి, గోడమీద ఒక్క ప్రశ్న రాసిపెడితే ఖర్చేమీ ఉండదు. రాసిన కాగితాన్ని ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకుపోవాలి, ఎవరూ చూపించమని అడగకూడదు, అంతే.

మీ పత్రికకు నా విన్నపం కూడా ఇదే తీరులో ఉంది. ముప్పై ప్రశ్నల పట్టికను ఒకేసారి వేసే బదులు, సుడోకు పక్కన ఉన్న జాగాలో రోజుకొక్క ప్రశ్న వేయండి. అది ఆ రోజుకు సంబంధించినదై, వంటింట్లోనో బస్టాండులోనో మనిషి నోట పలికే మాటల్లో ఉండాలి. కింద నాలుగు గీతలు గీసి ఖాళీ వదలండి. అక్షరాలు కొంచెం పెద్దవిగా వేస్తే నా వంటి వాళ్లు కళ్లద్దాలు వెతుక్కోకుండా చదువుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
హన్మకొండ.