ఒరేయ్ పులసా, బకెట్టు పట్టుకున్నది నేనే

ఇసక్వా (సియాటిల్ దగ్గర), ఆదివారం రాత్రి

ఒరేయ్ పులసా,

దసరాకే రాయాల్సింది, తిట్టుకోకు. అమ్మ మోకాలు నయం. పాపకి ముందుపళ్లు ఊడాయి. ఉద్యోగం అదే. ఇక అసలు సంగతి విను.

నిన్న సాల్మన్ గుడ్లు నేను పట్టుకున్న బకెట్లో పడ్డాయిరా!

మా ఊరి నడిమధ్యన వాగు, దాని ఒడ్డునే హేచరీ, అంటే చేపగుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోటు. 1936లో కట్టారు. 1990లలో ప్రభుత్వం మూసేస్తానంటే ఊరివాళ్లే అడ్డుపడి నిలబెట్టుకున్నారు. ఇప్పటికీ ఈ సీజన్లో చాలా చేతులు వాలంటీర్లవే.

చినూక్ అనే రకం సాల్మన్ చేపలు సముద్రం వదిలి, సియాటిల్లో బాలార్డ్ లాకుల పక్కన చేపలకోసమే కట్టిన 21 మెట్లు ఎగిరెక్కి, రెండు పెద్ద సరస్సులు దాటి, పుట్టిన నీటి వాసన పట్టుకుని ఇక్కడికొస్తాయి. మంచినీళ్లలోకి వచ్చాక మేత ముట్టవు. ఒళ్లంతా గీరుకుపోయి, తోకలు అరిగిపోయి... చూడలేవురా.

ఆడచేప పొట్ట కోయగానే నారింజరంగు గుడ్లు జలజలా రాలాయి. ఒక్కోటీ బఠాణీ గింజంత, ఒక్క చేపలోనే వేలు. బకెట్టు చల్లగా బరువెక్కింది. మగచేప వీర్యాన్ని వాటిమీద పిండి, ఆపైన నీళ్లు పోశారు. నీళ్లు తగిలాకే అందులో చలనం వస్తుందట, అదీ కాసేపే. ఆ తల్లిచేపని చూస్తే గొంతు పట్టేసింది. పక్కనున్న పెద్దావిడ నా భుజం తట్టి, "వాగులో గుడ్లు పెట్టినా ఇక బతకదు నాయనా" అన్న అర్థంలో ఏదో అంది.

అన్నట్టు, ఒక చేపకి తోక దగ్గరి చిన్న రెక్క అలాగే ఉంది! హేచరీ పిల్లలకి వదిలేముందు దాన్ని కత్తిరిస్తారు. ఉందంటే వాగులో పుట్టినదే కావచ్చు. దాన్ని కొయ్యలేదు, ఎగువకి వదిలేశారు. అందరం గట్టుమీదికి పరిగెత్తాం. ఒక్క తోకదెబ్బ, అంతే, కనబడలేదు.

ధవళేశ్వరం గుర్తొచ్చిందిరా. ఎర్రనీళ్లు, మీ నాన్నగారి గొడుగు, నువ్వు వలలోకి దూకడం! మన పులస కూడా సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చేదే కదా. అప్పట్లో మనకి పులుసు ఒక్కటే తెలుసు.

హేచరీ ఒక్కటే చాలదు, నా మాట విను. గట్లమీద చెట్లుండాలి, నీడ పడితేనే వాగు చల్లగా ఉంటుంది. వచ్చే శనివారం మొక్కలు నాటడానికి పాపని కూడా

బావ టాక్సీ వచ్చేసింది, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. గుడ్లలోపల పిల్లల కళ్లు కనబడగానే మళ్లీ రాస్తా.

నీ
గొడుగుగాడు