డయాలసిస్ బెడ్ పక్కన ఒక కుర్చీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు ఎప్పుడు రాసినా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) అంకెలు, వంశధార నీళ్లు, పింఛన్లు, అంతుచిక్కని కారణం. అవన్నీ రాయాల్సినవే. రోగి మనసు ఊసు మాత్రం ఉండదు. నేను సోంపేట వైపు ఒక కేంద్రంలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చదివాను.

మా దగ్గరకు కొబ్బరి తోటలున్న రైతు ఒకాయన వస్తారు. పొటాషియం పెరుగుతుందని ఆయనకు కొబ్బరి నీళ్లే నిషేధం. ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళంలో) సూది గుచ్చుతుంటే మొహం అటు తిప్పుకుని, "మా తమ్ముడిదీ నాదీ ఒకే నుయ్యి బాబూ, ఆడికి రానేదేటి?" అంటారు. దానికి నెఫ్రాలజిస్టుల దగ్గరే జవాబు లేదు. ఎప్పుడో వచ్చే కౌన్సెలర్ మాత్రం "టెన్షన్ పడకండి, పాజిటివ్‌గా ఉండండి" అనేసి వెళ్లిపోతారు. ఇక ఆయన నోరు విప్పరు. ఇంట్లో చావు మాటెత్తితే భార్య కసురుతుంది. నాతో చెప్పుకుందామంటే నాకు పక్క బెడ్ మీద ఇంకొకరికి బీపీ పడిపోతూ ఉంటుంది.

చావు, బతుక్కి అర్థం లాంటి ప్రశ్నలను రోగితో మనసు విప్పి మాట్లాడించే మానసిక చికిత్స ఒకటుంది, అస్తిత్వ మానవతావాద చికిత్స అంటారు. అది మొదలయ్యేదే ఇంట్లో కసిరేసిన ఆ చావు మాట దగ్గర. దానికి అమెరికాలో దారి వేసిన సైకాలజిస్టు రోలో మే, క్షయకు సరైన మందు లేని రోజుల్లో శానిటోరియంలో నెలల తరబడి మంచం పట్టిన మనిషి. అక్కడి సైకియాట్రిస్టు ఇర్విన్ యాలమ్ 1970ల్లో క్యాన్సర్ ముదిరినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చావు గురించే మాట్లాడనిచ్చారు. చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, బతుక్కి అర్థం లేకపోవడం, ఈ నాలుగూ మనిషిని లోపల తొలుస్తాయని 1980లో రాశారు. డయాలసిస్ రోగికి స్వేచ్ఛేమిటంటారా? మనవరాలి ఓణీల పండక్కి ఒక పూట మిషన్ ఎగ్గొట్టి వెళ్తారు. ఒంట్లో నీరు పట్టి ఆయాసంతో వస్తే మేం తిడతాం, తిట్టాలి కూడా. కానీ ప్రాణం మీదకొస్తుందని తెలిసీ ఎందుకు వెళ్లారో, ఆ పిల్ల ఆయనకు ఏమిటో అడిగేవాళ్లు ఎవరు? ఈ పద్ధతిలో చికిత్సకుడు అడిగేది అదే.

మందులు మానేయమని నేననడం లేదు. డిప్రెషన్ ముదిరితే సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లాల్సిందే. 2022 నుంచి మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సాయం టెలిమానస్ 14416 ఉంది, మంచిదే. అయితే ముక్కూమొహం తెలియని వాళ్లకు ఫోన్లో చావు భయం చెప్పుకునే అలవాటు మా పెద్దవాళ్లకు లేదు.

నాలుగు గంటలు రోగి ఎలాగూ బెడ్ మీదే ఉంటాడు. మధ్యలో తెర, పక్కన కుర్చీ, అందులో వినడం నేర్చిన సైకాలజిస్టు, అదీ మా యాస అర్థమయ్యే మనిషి ఉంటే చాలు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో ఇది ముందు మొదలుపెట్టి, తర్వాత మండలాల్లోని కేంద్రాలకు అలాంటి సైకాలజిస్టును వారంలో ఒకటి రెండు రోజులైనా పంపాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక డయాలసిస్ టెక్నీషియన్, సోంపేట, శ్రీకాకుళం జిల్లా