ఆ తండ్రి ‘సరే’ అనలేదు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం అనుబంధంలో పాత హాలీవుడ్ సామాజిక చిత్రాల గురించి రాస్తూ, 1967లో స్టాన్లీ క్రామర్ తీసిన ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ రెండు కుటుంబాలూ పెళ్లికి ఒప్పుకోవడంతో ముగుస్తుందని వ్యాసకర్త పేర్కొన్నారు. పెళ్లికొడుకైన నల్లజాతి డాక్టర్ జాన్ ప్రెంటిస్ తండ్రి నోట సమ్మతి చివరిదాకా వినిపించదు. ఇది చిన్న పొరపాటని వదిలేయలేక రాస్తున్నాను.

జీవితమంతా జాతి వివక్షను ఖండించిన శాన్‌ఫ్రాన్సిస్కో తెల్లజాతి పత్రికాధిపతి డ్రేటన్‌కు, కూతురు ప్రెంటిస్‌ను వెంటబెట్టుకుని వచ్చిన రోజున తన రాతలే పరీక్షగా నిలుస్తాయి. డ్రేటన్‌గా నటించిన స్పెన్సర్ ట్రేసీకి ఇదే ఆఖరి సినిమా. చివర్లో ఆయన మాట్లాడుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి. కానీ డ్రేటన్ మనసు కదిలింది అంతకుముందే, బీయా రిచర్డ్స్ పోషించిన ప్రెంటిస్ తల్లి, వయసు మళ్లిన మగవాళ్లకు ఒకప్పటి ప్రేమ గుర్తుండదని గొంతు పెంచకుండా ఆయన ముఖం మీదే చెప్పినప్పుడు.

ఇక తండ్రి సంగతి. తపాలా సంచి మోసి కొడుకును డాక్టరుగా చూసుకున్న ఆ రిటైర్డ్ పోస్ట్‌మాన్ భయం ఊరికే పుట్టింది కాదు. సినిమా తీస్తున్న రోజుల్లో అమెరికాలోని పదహారు పదిహేడు రాష్ట్రాల్లో నల్ల, తెల్లజాతుల మధ్య పెళ్లి నేరం. అలా పెళ్లాడిన లవింగ్ దంపతుల కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేసింది 1967 జూన్ 12న, అంటే చిత్రీకరణ పూర్తయ్యాకే. ప్రేమికుల ముద్దును టాక్సీ డ్రైవర్ ముందున్న అద్దంలో మాత్రమే చూపించేంత జాగ్రత్త పడిన సినిమాకు ఆ తండ్రి బెంగను నిదానంగా వినే ఓపిక లేకపోయింది. కొడుకు ఆయన మీద విరుచుకుపడతాడు. మేమంతా కలిసి మీ నాన్నను ఒప్పిస్తాంలే అని డ్రేటన్ భరోసా ఇచ్చి, అందరినీ భోజనానికి లేపుతాడు.

అమెరికాలో ఉంటున్న మా బంధువుల అబ్బాయి నల్లజాతి అమ్మాయిని పెళ్లాడినప్పుడు, మా పెద్దవాళ్లు ఎప్పుడు మెత్తబడ్డారో, ఎవరు ముందు ఫోన్ చేశారో ఇంటింటా చెప్పుకున్నాం. మా ఇంటికి పిల్లనివ్వడానికి ఆమె తండ్రి ఎంత మథనపడ్డాడో మాలో ఒక్కరమూ అడగలేదు. అందుకే ఆ వ్యాసంలోని వాక్యం దగ్గర ఆగిపోయాను. సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం